సరిచేసిన తల

కత్తెరాయన చేతికి ఒక జబ్బుంది. మందులేసుకుంటే పోయే జబ్బు కాదు, ఇరవై ఆరేళ్ళ వృత్తి అంటించిన జబ్బు. వంకరగా ఉన్న తల కంటపడితే ఆ చెయ్యి ఊరుకోదు. కుర్చీలో కూర్చున్నవాడు ఎంత పెద్దమనిషి కానివ్వండి, ఫోను చూసుకుంటూ ఓ పక్కకి వాలాడంటే చాలు, రెండు కణతల మీద వేళ్ళు పెట్టి టక్కున తలను నిటారుగా నిలబెట్టేస్తాడు. తల నిలబడితేనే కత్తెర నిలబడుతుందంటాడు. తన పెళ్ళి ఫోటోలో కూడా పక్కన నిలబడ్డ పెళ్ళికూతురి తల సరిచేస్తూ పడ్డాడు మహానుభావుడు. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతూనే ఉంటుంది.

ఆ చెయ్యే ఒకరోజు కొంప ముంచింది.

అతని సెలూను ముందు మలుపులో రోడ్డు పనివాళ్ళు కంకర గుమ్మరించి, మళ్ళీ ఆ వైపు తొంగిచూస్తే ఒట్టు. పొద్దున పదిన్నరకి స్కూటర్ మీద వస్తున్న ఒకాయన ఆ కంకర మీద జర్రున జారి పడ్డాడు. పట్టీ పెట్టుకోని హెల్మెట్ ఊడిపోయి ఎక్కడికో దొర్లింది. పదిహేను మంది పోగయ్యారు. పోగయ్యి ఏం చేశారయ్యా అంటే, ఫోన్లు తీశారు. ముట్టుకుంటే ఏమవుతుందో, స్టేషన్ల చుట్టూ ఎవడు తిరుగుతాడు అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుర్చీలో సగం గీసిన గడ్డంతో ఉన్న మనిషిని అలాగే వదిలేసి, భుజం మీద తువ్వాలుతో పరిగెత్తినవాడు కత్తెరాయన ఒక్కడే.

పడ్డాయన వెల్లకిలా ఉన్నాడు. తల మాత్రం ఎడమ భుజం వైపుకి వాలిపోయి ఉంది. మూలుగుతున్నాడు, ఊపిరి బాగానే ఆడుతోంది. లేవాలని కాబోలు, కుడికాలితో కంకరని తన్నుతున్నాడు. "ఏం కాలేదండీ, నేనున్నా" అంటూ కత్తెరాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చేతులు వాటంతటవే కణతల మీదికి వెళ్ళాయి. తల నిటారుగా వచ్చింది.

మూలుగు ఆగలేదు. ఊపిరి ఆగలేదు. కాలు ఆగిపోయింది.

చుట్టూ ఉన్నవాళ్ళంతా పడ్డాయన మొహం కేసే చూస్తున్నారు. కాలు చూసింది కత్తెరాయన ఒక్కడే. అంబులెన్సు వచ్చాక తనూ అందులో ఎక్కి కూర్చుని, దారి పొడుగునా ఆ కాలు వంకే చూస్తూ వెళ్ళాడు. ఆసుపత్రిలో తెలిసింది, ఆయన లెక్కల మాస్టారట. మెడ ఎముక విరిగిందట. మెడ కింద ఏ భాగమూ ఇక మాట వినదట.

అప్పట్నుంచి కత్తెరాయనకి ఏదీ తెలియడం మానేసింది. ఏడ్చాడంటే లేదు, నిద్రపట్టక దొర్లాడంటే అదీ లేదు. హాయిగా పడుకునేవాడు, లేచేవాడు, షాపు తెరిచేవాడు. టీ వేడిగా ఉందో చల్లారిందో గమనించకుండా తాగేసేవాడు. ఇంటావిడ కావాలని ఒకరోజు కూరలో ఉప్పు వెయ్యకుండా పెట్టింది. మారు మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కున్నాడు. "ఏమైంది నీకు?" అంటే "ఏం కాలేదే" అన్నాడు. అబద్ధం కూడా కాదు, లోపల నిజంగానే ఏమీ లేదు. కుర్చీలో తలలు వంకరగా వాలితే వాటిని అలాగే వదిలేసి, తనే వంగి, పక్కకి జరిగి, ఎలాగో కత్తిరించేవాడు. క్రాపులు ఒక పక్కకి పోతున్నాయని నలుగురైదుగురు షాపు మార్చారు కూడా.

రెండు నెలలకి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ప్రమాదస్థలంలో బాధితుణ్ణి కదిలించిన వ్యక్తి మీరేనని వీడియోలో కనబడుతోంది, వివరణ ఇవ్వండి అని దాని సారాంశం. ఇంటావిడ వెంటనే తమ్ముడికి కబురు పెట్టింది. కత్తెరాయనకి మాత్రం, పోనీలే, ఇప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతున్నారు అనిపించింది.

అతని బావమరిది ఒక లాయరు దగ్గర గుమాస్తా. గుమాస్తానే గానీ మాట్లాడితే పెద్ద లాయరు కూడా పక్కకి తప్పుకోవాలి. నోటీసు చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "బావా, కాలు మీద కాలేసుకుని కూర్చో. నీ జోలికి ఎవడూ రాలేడు" అన్నాడు. రోడ్డు మీద పడ్డవాడికి, ఏమీ ఆశించకుండా, మంచి మనసుతో సాయం చేసినవాడి మీద కేసు నిలబడదట. దానికో చట్టమే ఉందట. చేసిన సాయం వికటించినా సరేనట.

"వికటించినా?" అన్నాడు కత్తెరాయన.

"వికటించినా! నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు. లేనిపోనివన్నీ కక్కావనుకో, ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా చేశాడని అవతలివాళ్ళు మెలిక పెడతారు. అప్పుడు నీ షాపు, మా అక్క కాపురం రెండూ రోడ్డు మీద ఉంటాయి. అర్థమైందా?"

ఆ నోటీసు మీద వాంగ్మూలం ఇవ్వడానికి ఇద్దరూ పోలీసు స్టేషనుకి వెళ్ళారు. అక్కడి అధికారి చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించాడు. ముందున్న కాగితం చూస్తూ నాలుగు ప్రశ్నలు అడిగాడు. పడ్డాయన నీకు ముందే తెలుసా? తెలీదు. డబ్బు గానీ ఇంకేదన్నా గానీ తీసుకున్నావా? లేదు. ఎవరైనా పంపితే వెళ్ళావా? నా అంతట నేనే వెళ్ళాను. మంచి చేద్దామనే వెళ్ళావా? అవును. నాలుగు గళ్ళలో నాలుగు టిక్కులు పెట్టి, కాగితం తిప్పి, సంతకం పెట్టమన్నాడు.

కత్తెరాయన కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఇంకేం అడగరా సార్?"

"ఇంకేం అడగాలయ్యా?"

"నేను ముట్టుకున్నప్పుడు ఆయన కాలు..."

బల్ల కింద బావమరిది చెప్పుకాలితో అతని కాలు గట్టిగా తొక్కాడు. అధికారి చెయ్యెత్తి ఆపాడు. "వద్దు. నేను అడగకూడదు, నువ్వు చెప్పక్కర్లేదు. సాయం చేసినవాణ్ణి గుచ్చి గుచ్చి అడిగితే, రేపు ఇంకొకడు ముందుకొస్తాడా? డాక్టరే రాశాడు చూడు, వెన్నుపాము పడ్డప్పుడే తెగి ఉండొచ్చు, కదిపినప్పుడైనా తెగి ఉండొచ్చు, చెప్పలేం అని. డాక్టరే చెప్పలేనిది నీకేం తెలుసు? సంతకం పెట్టి ఇంటికెళ్ళు. నీలాంటివాళ్ళు పదిమంది ఉండాలి."

ఆ చట్టం తప్పని నేననను. ఎందుకంటానూ? అదే లేకపోతే రోడ్డు మీద పడ్డవాడి నోట్లో గుక్కెడు నీళ్ళు పోసే నాథుడు ఉండడు. కానీ డాక్టరుకి తెలియనిది కత్తెరాయనకి తెలుసు. తెలిసింది చెప్పుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు, అదీ సంగతి. సంతకం పెట్టాడు. ఫైలు మూసేశారు. బావమరిది స్వీటు పొట్లం పట్టుకొచ్చి అందరి నోళ్ళలోనూ తనే పెట్టాడు. ఇంటావిడ ఊపిరి పీల్చుకుని, వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చింది. కత్తెరాయన తన వాటా తినేసి, పొట్లం కాగితం మడిచి చెత్తబుట్టలో వేశాడు.

ఇంకో నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ ఒకావిడ గడప దగ్గర నిలబడింది. మాస్టారి భార్య. ఆవిడని ఆసుపత్రి వరండాలో ఒక్కసారే చూశాడు.

"అన్నయ్యా, మీరేగా ఆ రోజు ఆయన్ని..." అని ఆగి, చేతులు జోడించింది. "మీ దగ్గరికి ఎప్పుడో రావాల్సింది. ఇల్లు కదలడానికి వీలైతేగా. ఒక సాయం అడగొచ్చా? ఆయనకి గడ్డం గీసేవాళ్ళు దొరకట్లేదు. ఇంటికి రమ్మంటే ఒకడు వచ్చాడు గానీ, ఆయన్ని చూసి జడుసుకుని వెళ్ళిపోయాడు. నేను గీస్తే అన్నీ గాట్లే. మీరైతే భయపడరు."

కత్తెరాయన పెట్టె సర్దుకున్నాడు. బావమరిది చెప్పిందంతా గుర్తుంది. వెళ్ళడం బుద్ధితక్కువ పని అనీ తెలుసు. అయినా కాళ్ళు ఆవిడ వెనకే నడిచాయి.

మాస్టారి మంచం కిటికీ పక్కనే ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేడా అన్నంత పలచగా ఉన్నాడు. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"రావయ్యా రా. ఒంట్లో మిగతావాళ్ళంతా సెలవు పెట్టారు, గడ్డం ఒక్కటే రోజూ డ్యూటీకి వస్తోంది" అన్నాడు. "నున్నగా గియ్యాలి సుమా. నాకింకా తెలిసేది ఈ మొహం ఒక్కటే. కత్తి పెడితే చల్లగా ఉంటుందని తెలుస్తుంది, అదే నాకు పండగ."

ఆవిడ నీళ్ళు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. కత్తెరాయన కొత్త బ్లేడు సగానికి విరిచి కత్తిలో బిగించాడు. రెండు చెంపలకీ నురగ పట్టించాడు. దిండు మీద మాస్టారి తల కిటికీ వైపు వాలి ఉంది. ఆ వాలులోనే పైకున్న చెంప గీశాడు. మూతి దగ్గర చర్మం లాగిపెట్టి, దవడ కింద వెంట్రుకకి ఎదురుగా కత్తి లాగి, గాటు పడకుండా పూర్తి చేశాడు. రెండో చెంప దిండుకి ఆనుకుని ఉంది. దాన్ని గియ్యాలంటే తల తిప్పాలి.

కత్తి పక్కన పెట్టేశాడు.

"మాస్టారూ, ఆ రోజు మీ తల తిప్పింది నేను."

"తెలుసుగా. మా ఆవిడ రోజుకి రెండుసార్లు చెబుతుంది. నువ్వు పట్టుకోకపోతే ప్రాణమే పోయేదట."

"నేను తిప్పక ముందు మీ కుడికాలు ఆడింది. తిప్పాక ఆగింది."

వంటింట్లో గిన్నె కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. తెరవకుండానే అడిగాడు.

"ఎన్నిసార్లు ఆడింది?"

"మూడుసార్లు. నాలుగోసారి సగంలో ఆగిపోయింది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు."

"నేనూ అడగలేదు కదయ్యా."

కత్తెరాయన పక్కన పెట్టిన కత్తిని తీసి తువ్వాలుతో తుడిచి పెట్టాడు.

"ఆరు నెలలుగా నన్ను నేను తిట్టుకుంటున్నా" అన్నాడు మాస్టారు. గొంతు పెంచలేదు, క్లాసులో లెక్క చెబుతున్నట్టే చెప్పాడు. "కంకర చూసుకోలేదని ఒకసారి. పట్టీ పెట్టుకోలేదని ఒకసారి. చచ్చీ చెడీ దానికి అలవాటు పడ్డా. ఇప్పుడు కొత్తగా నిన్ను తిట్టాలా? పదిహేను మంది నిలబడి చూస్తుంటే పరిగెత్తుకొచ్చినవాడివి నువ్వొక్కడివి. నిన్నెలా తిట్టను? మూడున్నరసార్లు ఆడిందని తెలిశాక తిట్టకుండా ఎలా ఉండను? నువ్వే చెప్పు."

"కేసు పెట్టండి మాస్టారూ. నేను ఒప్పుకుంటా. ఏ శిక్ష వేసినా సరే."

"వేస్తే కాలొస్తుందా?"

కత్తెరాయన దుప్పటి కిందున్న ఆ కుడికాలి వంక చూశాడు.

"చెప్పేశావుగా, తేలికైందా?"

కత్తెరాయన లోపల వెతుక్కున్నాడు. నిజంగానే వెతుక్కున్నాడు పాపం. "లేదండీ" అన్నాడు.

"ఔనులే. నాకూ లేదు."

వంటింట్లోంచి ఆవిడ కేకేసింది. "అయిందా అన్నయ్యా? కాఫీ పెడుతున్నా, తాగి వెళ్ళాలి!"

"సగమే అయింది" అని మాస్టారే బదులిచ్చాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆవిడకి ఈ మాట చెప్పావంటే ఊరుకోను. ఈ ఆరు నెలల్లో మాకు జరిగిన మంచి ఏదైనా ఉందీ అంటే అది నువ్వేనని అనుకుంటోంది. వచ్చినవాళ్ళందరికీ నీ కథే చెబుతుంది. అది కూడా పోతే ఇక ఆవిడ దగ్గర ఏముంటుంది? ఇన్నాళ్ళూ మూసుకున్నట్టే ఇక్కడా నోరు మూసుకో. వారానికి రెండుసార్లు వచ్చి, ఆవిడ పెట్టే కాఫీ తాగి, ఆవిడ పొగుడుతుంటే కూర్చుని విను."

"ఆ మాటలు నేను వినలేను మాస్టారూ."

"వింటావు. నేనూ పక్కనే ఉండి వింటాను."

కత్తెరాయన కత్తి అందుకున్నాడు. మళ్ళీ పెట్టేశాడు. రెండు చేతులూ మాస్టారి కణతల దాకా వెళ్ళి, అక్కడ గాలిలో ఆగిపోయాయి. అతను ఎంత ప్రయత్నించినా ఇంకో అంగుళం కదల్లేదు.

"తిప్పు" అన్నాడు మాస్టారు.

"నా వల్ల కాదండీ."

"నా వల్ల అసలే కాదయ్యా. కానియ్ త్వరగా, నురగ ఆరిపోతోంది."