మూడో స్తంభంలోని చెయ్యి

పెద్దింటి స్తంభాలను చూడవచ్చేవాళ్ళంతా తట్టి చూసి, ఎంత రాయో అని నోరెళ్ళబెడతారు. రాయీ లేదు, రప్పా లేదు. లోపలున్నది మిసిసిపీ ఒండ్రుతో మావాళ్ళు కాల్చిన ఇటుక. దాని మీద సున్నపు పూత, ఆ పూత ఆరకముందే రాతికట్టులా కనిపించాలని గీసిన గీతలు. నలభై ఏళ్ళుగా తాపీ పట్టినవాణ్ణి, నాకు తెలియదా? బానిసలుగా ఉన్న మావాళ్ళ చేత ఈ ఇల్లు కట్టించుకున్న దొర పేరు మాత్రం గుమ్మం పక్కన ఇత్తడి రేకు మీద ఇంకా తళతళలాడుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ వసంతంలో వెనక వరండా స్తంభాల పూత ఉబ్బిపోతే, బాగుచేసే పని నాకిచ్చారు. ఆ కబురు విన్న రోజే వెర్డెల్ అత్త ఫోన్ చేసింది. మా నాన్న చెల్లెలు. ఎనభై తొమ్మిదేళ్ళు.

"ఒరే ఆంబ్రోస్, మూడో స్తంభంలో నడుమెత్తున చెయ్యి ఉందిరా. నా చిన్నప్పుడు అక్కడ పూత రాలిపోయి ఉండేది. మా నాయనమ్మ తీసుకెళ్ళి చూపించింది. వాళ్ళమ్మ టెంపీ చెయ్యట. పచ్చి ఇటుకలు ఎండకి తిరగేసే పని పిల్లలదే కదా, అలా తిరగేస్తుంటే వేళ్ళు దిగి అచ్చుపడింది. అప్పటికి ఏడేళ్ళట."

"దాని మీద నాన్న సిమెంటు పూశాడు కదత్తా."

"పూశాడు, మహానుభావుడు! ఏడాది పాటు అన్నయ్యతో మాట్లాడలేదు నేను. ఆవిడకి ఫొటో లేదు, సమాధి రాయి లేదు. ఉన్నదల్లా ఆ చెయ్యే. ఒక్కసారి ముట్టుకుని పోతానురా."

పాత ఇటుక మెత్తన. సున్నమైతే లోపలి తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. అరవై ఏళ్ళు ఆ తేమలో నానిన ఇటుక పిండైపోతుంది. సిమెంటు ఊడదీస్తే ఇటుక ముఖం కూడా దానితో ఊడి వస్తుంది. మా నాన్న మంచి మేస్త్రే, కానీ ఆ రోజుల్లో సిమెంటంటే అందరికీ మోజు. ఇదంతా అత్తకి చెప్పాను.

"నీ పాఠాలు నాకెందుకురా? నీకు చేతకాకపోతే చెప్పు, సుత్తి నేనే పట్టుకుంటా," అంది.

గురువారం పొద్దున్నే వచ్చింది, చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని. స్తంభం పక్కనే కుర్చీ వేశాను. ఉలితో చుట్టూ గాడి తీసి, కింద నుంచి మెల్లగా ఎత్తాను. పళ్ళెమంత పెచ్చు నా చేతుల్లోకి ఊడిపడింది. స్తంభం వైపు చూశాను. ఇటుక ముఖం లేదు. ఎర్రటి పిండి జలజలా రాలుతోంది.

"పోయిందత్తా," అన్నాను. నాన్న మీద కోపం రావలసింది, నా మీద నాకే వచ్చింది.

అత్త చేతులు చాచింది. "ఆ పెచ్చు ఇలా తే. కనీసం మా అన్నయ్య పనైనా చూస్తా."

ఒళ్ళో పెట్టాను. ఇరవై ఏళ్ళు ఈ ఇంట్లో దుమ్ము తుడిచిన మనిషి, ఊరికే ఉండగలదా? చేతిరుమాలుతో దాని వెనకవైపు అంటుకున్న ఎర్రపిండిని తుడవడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది.

"ఇదేంట్రా, ఏదో ఎత్తుగా తగులుతోంది?"

వంగి చూశాను. కుంచెతో మిగిలిన పిండి నెమ్మదిగా దులిపాను. నాలుగు వేళ్ళు పైకి తేలాయి. నాన్న పూసిన తడి సిమెంటు ఇటుక మీది అచ్చు గుంటల్లోకి దిగి, అక్కడే గట్టిపడింది. ఇటుకలో గుంటలుగా ఉన్న వేళ్ళు సిమెంటులో నిండుగా నిలిచి ఉన్నాయి. చిటికెన వేలి కొన చిక్కుడుగింజకన్నా కాస్త పెద్దది.

నా కళ్ళ నిండా నీళ్ళు. అత్త ఏడవలేదు. ఆ వేళ్ళ కింద తన వేళ్ళు దూర్చినట్టు పెట్టుకుని, రోడ్డు దాటించేటప్పుడు పిల్లల చెయ్యి పట్టుకుంటామే, అలా పట్టుకుంది.

"ఇంతే చేతులా, తల్లీ?" అంది, ముత్తవ్వ టెంపీతో. "ఇంత చేతులతో ఈ ఇంటిని మోశావా? ఇక చాల్లే, దించెయ్యమ్మా. నేను పట్టుకున్నాను."