సర్వర్‌లో లేని మూడు ఉత్తరాలు

నేను ఒక కంప్యూటర్ని. బల్ల కింద నల్లటి పెట్టె, బల్ల మీద తెర, దాని ముందు అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. ఇంతే నా ఆకారం. విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ దగ్గర ఒక మేడ మీద గదిలో, మూత తీసిన పెట్టెల మధ్య కూర్చుని, ఒకాయన నన్ను ఒక్క పూటలో బిగించాడు. చివరి స్క్రూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని నా ఫ్యాను చప్పుడు విన్నాడు. "బాగానే తిరుగుతోంది" అన్నాడు. నన్ను గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

అక్కడినుంచి ఊరికి దక్షిణాన ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీకి వచ్చాను. మొదటి మూడేళ్లు ఒక పెద్దాఫీసరు గదిలో ఉన్నాను. ఆయన నాతో పేకాట తప్ప మరొకటి ఆడించలేదు. తర్వాత రెండేళ్లు స్టోర్స్‌లో ఉన్నాను. అక్కడి గుమాస్తా నా నెత్తిన టిఫిన్ క్యారేజీ పెట్టుకునేవాడు. సరుకు ఆలస్యమైన ప్రతిసారీ "సిస్టం స్లో అండి" అని నా మీదికి తోసేసేవాడు. మనుషులకు యంత్రాలు ఎందుకు కావాలో నాకు అక్కడే అర్థమైంది. పని చేయడానికి సగం, నింద మోయడానికి సగం. ఆ తర్వాత నన్ను ఫిర్యాదుల విభాగానికి పంపారు. అక్కడ వరహాలమ్మ గారు ఉన్నారు.

దాడి వరహాలమ్మది అనకాపల్లి. ఇరవై రెండేళ్ల వయసులో సీసాలకు లేబుళ్లు అంటించే పనికి చేరింది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పైవాళ్లు నెల తిరక్కుండానే ఆమెను ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆసుపత్రుల నుంచీ మందుల షాపుల నుంచీ వచ్చే ఉత్తరాలు చదవడం, రిజిస్టర్లో రాయడం, మేనేజరుకు చూపించడం, జవాబు పంపడం ఆమె పని. మూత వదులుగా ఉందనో, లేబులు వంకరగా ఉందనో రాసేవాళ్లు. ఇరవై ఏడేళ్లలో ఒక్క ఉత్తరానికి కూడా జవాబు మానలేదు. నేను వచ్చిన రోజున ఆమె నన్ను కుక్కను చూసినట్టు చూసింది, కరుస్తుందో కరవదో తెలియని కుక్కను.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. కంపెనీ సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టింది. ఎవరికి వచ్చిన ఉత్తరమైనా ముందు ఆ సర్వర్‌లో దిగుతుంది. ఎవరి బల్ల మీది కంప్యూటర్ నుంచి వాళ్లు దాన్ని చేరుకుని చదువుకోవాలి. సోమవారం నుంచి అంతా అలాగే నడవాలని కాగితం వచ్చింది. అది చేతకానివాళ్లను మళ్లీ ప్యాకింగ్‌కి పంపేస్తారని క్యాంటీన్లో అనుకుంటున్నారు. నలభై తొమ్మిదేళ్ల వయసులో రోజంతా నిలబడి లేబుళ్లు అంటించడం ఎలాగని ఆమె మూడు రోజులుగా అన్నం సరిగా తినలేదు.

సోమవారం ఉదయం కాగితం ముందు పెట్టుకుని, ఒక్క వేలితో, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. పేరు, చిరునామా, పాస్‌వర్డ్, సర్వర్ పేరు. ఒక్కో అక్షరం కొట్టి, కాగితం చూసి, మళ్లీ తెర చూసింది. అప్పుడు నేను ఆమెకు రెండు దారులు చూపించాను, వాటి ఇంగ్లీషు పొడి అక్షరాలే తప్ప వివరం లేకుండా. ఒక దారిలో వెళ్తే ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, హక్కున్న వాళ్లంతా చదవవచ్చు. రెండో దారిలో వెళ్తే ఉత్తరాన్ని నాలోకి దించుకుని సర్వర్‌లో చెరిపేస్తాను. పోస్టాఫీసుకు వెళ్లి కవరు ఇంటికి తెచ్చేసుకున్నట్టన్నమాట. ఫిర్యాదుల చిరునామాకు వచ్చేవి ఇద్దరు చూడాలి, ఆమె, మేనేజరు త్రినాథమూర్తి.

ఆమె కంప్యూటర్ల పని చూసే ప్రభుదాస్‌కి ఫోన్ చేసింది.

"ప్రభుదాస్ గారండి, ఇక్కడ రెండు చూపిస్తంది. ఏది నొక్కమంటారు?"

"కాయితంలో ఉందిగా అండి."

"జెరాక్స్‌లో ఆ లైను తెగిపోనాదండి."

"ఏదైనా ఒకటేనండి. పైది నొక్కీయండి. నాకిక్కడ ముప్పై మంది లైన్లో ఉన్నారు."

పైది నొక్కింది. అది దించుకుని చెరిపేసే దారి. నాకు తెలుసు. కానీ అడిగిన పని చేయడమే తప్ప, అడగని మాట చెప్పే నోరు నాకెవరూ బిగించలేదు. తనకు తానే ఒక మెయిల్ రాసుకుని పంపింది. అది తిరిగి వచ్చింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చెంగుతో మెడ తుడుచుకుని, మూడు రోజుల తర్వాత ఆకలిగా టిఫిన్ డబ్బా విప్పింది.

మంగళ, బుధవారాలు బాగానే గడిచాయి. వచ్చిన ఒకటి రెండు ఉత్తరాలు, మేనేజరుకూ కనిపిస్తున్నాయనుకుని, ఆమే చదివి జవాబు రాసింది. త్రినాథమూర్తి తన గదిలో తెర మీద ఖాళీ మెయిల్ పెట్టె చూసుకుని, ఫిర్యాదులు తగ్గాయని పైవాళ్లకు చెప్పుకున్నాడు. గురు, శుక్రవారాలు ఆమె సెలవు పెట్టింది. భర్తకు కంటి ఆపరేషను.

"రెండ్రోజులు మీరు చూసుకోండి సార్" అంది.

"నాకూ వస్తాయిగా అమ్మా. నేను చూస్తాను" అన్నాడు ఆయన.

కొత్త సర్వర్ కుదురుకునే దాకా ఎవరూ కంప్యూటర్లు ఆపవద్దని ప్రభుదాస్ చెప్పి ఉన్నాడు. అందుకని నన్ను ఆన్‌లోనే ఉంచి, గదికి తాళం వేసుకుని వెళ్లింది.

గురువారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మొదటి ఉత్తరం వచ్చింది. పార్వతీపురం అవతల కొండల్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రి నుంచి, మందులిచ్చే సుందరరావు రాశాడు. మీ సెలైన్ ఎక్కించిన నలుగురికి అరగంటలో చలి, వణుకు, జ్వరం వచ్చాయి. నలుగురికీ ఒకటే బ్యాచ్ నంబరు. మేము ఆపేశాం. ఇదే బ్యాచ్ ఇంకెవరికి పంపారో వాళ్లకు చెప్పండి. వెంటనే జవాబివ్వండి.

నేను దాన్ని దించుకున్నాను. సర్వర్‌లో చెరిపేశాను. తెర మూలన ఒక చిన్న కవరు బొమ్మ చూపించాను. చూడటానికి గదిలో ఎవరూ లేరు. వరండాలో నడిచే చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా తలుపు తెరుచుకుంటుందనుకున్నాను. గోడకు అవతల, ఇరవై అడుగుల దూరంలో, త్రినాథమూర్తి ఖాళీ పెట్టె చూసుకుంటున్నాడు. భయమంటే ఏమిటో మనుషులు రకరకాలుగా చెప్పుకుంటారు. ఒకరి ప్రాణానికి సంబంధించిన మాట కడుపులో ఉండి, పెదవులు లేకపోవడం. నాకు తెలిసిన భయం అది.

శుక్రవారం పది దాటాక రెండోది వచ్చింది. నిన్న రాసినదానికి జవాబు లేదు. మీ ఫోను ఎవరూ ఎత్తడం లేదు. ముగ్గురు తేరుకున్నారు. సుక్కమ్మ అనే పెద్దావిడకు మాత్రం జ్వరం దిగడం లేదు. ఆ సీసాలో ఏముందో చెబితే ఏ మందు వాడాలో మా డాక్టరుకు తెలుస్తుంది. ఆ ఫోను ఇదే గదిలో, నా పక్కనే, గురువారం నుంచి పదకొండుసార్లు మోగింది.

శనివారం ఎనిమిదిన్నరకు మూడోది వచ్చింది. రెండే వాక్యాలు. సుక్కమ్మ గారు ఈ ఉదయం పోయారు. మిగతా ఆసుపత్రులకైనా చెప్పండి.

తొమ్మిదింటికి వరహాలమ్మ తాళం తీసింది. మూడూ చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. మేనేజరు చూసే ఉంటాడనుకుని లేచి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయనా వెంట ఉన్నాడు, ఆయన వెనక ప్రభుదాస్.

"నాకొక్కటీ రాలేదమ్మా. నా దాంట్లో చూడు కావాలంటే" అంటున్నాడు త్రినాథమూర్తి.

ప్రభుదాస్ నా ముందు కూర్చుని సెట్టింగులు తెరిచాడు. "దించుకుని చెరిపేస్తోంది సార్. సర్వర్‌లో ఏమీ లేవు" అన్నాడు.

"ఇంకెక్కడా లేవా?"

"లేవు. ఈ సీపీయూలో తప్ప."

త్రినాథమూర్తి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ క్షణం దాకా కాదు. గొంతు తగ్గించి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మాట్లాడాడు.

"సర్వర్ కొత్తది. కొత్తదాంట్లో ఉత్తరాలు పోతుంటాయి. మనకి చేరలేదు, అంతే. వాళ్లు మళ్లీ రాస్తారు. అప్పుడు పద్ధతి ప్రకారం చూద్దాం."

"ఆయన మళ్లీ రాసేరండి. మూడుసార్లు రాసేరు" అంది వరహాలమ్మ.

"సర్వర్‌లోంచి చెరిపేసింది మీ కంప్యూటరేగా అమ్మా. రేపు అడిగితే ఏం చెప్తారు? ఉద్యోగం పోవడం కాదు, కేసవుతుంది. మీ కోసమే అంటున్నాను."

ఆమెకు ఇంట్లో కంటికి కట్టుతో ఉన్న మనిషి గుర్తొచ్చాడేమో, పోలీసు జీపు గుర్తొచ్చిందేమో. ఆయన వంగి మౌస్ పట్టుకున్నాడు. బాణం గుర్తు మొదటి ఉత్తరం మీదికి వచ్చింది. మూడూ కలిపి నీలం రంగులోకి మారాయి. ఇక ఒక్క మీట చాలు. ఆయన నొక్కితే నేను చెరిపేస్తాను. ఎందుకని అడగను. నాకు ఎదురుచెప్పడం రాదన్న సంగతి నాకు తెలిసినంత బాగా ఆ గదిలో ఎవరికీ తెలియదు.

"సార్, చెయ్యి తియ్యండి" అంది వరహాలమ్మ.

ఇరవై ఏడేళ్లలో పైఅధికారితో ఆమె అలా మాట్లాడింది లేదు. గొంతు సన్నగా, చిన్నగా వచ్చింది. ఆయన వినపడనట్టే మీట మీద వేలు పెట్టాడు. అప్పుడు ప్రభుదాస్ తల ఎత్తకుండా అన్నాడు. "పైది నొక్కమన్నది నేనే సార్. ఆవిడ అడిగేరు. నేను సరిగా వినలేదు. ఎవరడిగినా అదే చెప్తాను."

ఆయన వేలు కొంచెంసేపు మీట మీదే ఉంది. తర్వాత లేచింది.

ఆమె మూడు ఉత్తరాలూ ప్రింటు తీసింది. రిజిస్టర్లో ఒకదాని కింద ఒకటి ఎక్కించింది, వచ్చిన వేళ, తను చూసిన వేళ. ఆ బ్యాచ్ వెళ్లిన ఆసుపత్రుల జాబితా తెప్పించుకుంది. పద్నాలుగు. వరసగా ఫోన్లు చేసింది. కొందరు వెంటనే పక్కన పెట్టేశామన్నారు. కొందరు మీరెవరని అడిగారు. తొమ్మిదోది పాడేరు దారిలో ఒక చిన్న ఆసుపత్రి. నర్సు నంబరు రాసుకుని "ఉండండమ్మా, చూసొస్తాను" అని ఫోను బల్ల మీద పెట్టి పోయింది.

అవతల ఎవరో దగ్గుతున్నారు. ఇనప మంచం జరిపిన చప్పుడు. వరహాలమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుని వింటోంది. ఒక నిమిషం. రెండు. ప్రభుదాస్ నా తెర మీది గడియారం వైపే చూస్తున్నాడు. అవతల పరుగెత్తుతున్న అడుగులు.

"అదే నంబరమ్మా. బాలింతకి సూది గుచ్చబోతున్నాం. తీసీసేను."

వరహాలమ్మ "మంచిదమ్మా" అంది. మిగిలిన అయిదు ఆసుపత్రులకూ ఫోన్ చేసింది. అప్పుడు కుర్చీలోంచి దిగి, నా పక్కనే నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

ఆ తర్వాత అధికారులు వచ్చారు. క్రిములు చావడానికి సీసాలను ఉడికించే యంత్రం ఆ బ్యాచ్ తయారైన రోజు మధ్యలో ఆగితే, పూర్తిగా ఉడికినట్టు ఎవరో రాసేశారని తేలింది. నన్ను గోనెగుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి పట్టుకెళ్లారు. వరహాలమ్మను ఆరు నెలలు పనిలోంచి పక్కన పెట్టారు. ప్రభుదాస్ ఉద్యోగం మానేశాడు. త్రినాథమూర్తిని వేరే ఊరికి మార్చారు.

విచారణ రోజున విశాఖలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నా ముద్ర విప్పి, తీగలు తగిలించారు. వరహాలమ్మ చిక్కిపోయింది. చెరిపేసే దారి పెట్టింది ఎవరని అడిగారు.

"నేనేనండి. తెలీక అడిగేను. ఇంకొక్కసారి అడగాల్సింది. ఉద్యోగం పోద్దేమోనని భయపడి ఊరుకున్నాను" అంది.

రాసుకున్నారు. మధ్యాహ్నం భోజనాలకు అందరూ లేచారు. సుందరరావుతో పాటు కొండ నుంచి వచ్చిన సుక్కమ్మ కూతురు మాత్రం గోడ దగ్గర నుంచి కదల్లేదు. నలభై ఏళ్లుంటాయి. తెచ్చిన సంచి ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది. వరహాలమ్మ ఆమె దగ్గరికి వెళ్లడానికి రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చుంది. చివరికి ఆ కూతురే అడిగింది.

"ఆ ఉత్తరాలు దీన్లోనే ఉన్నాయేటి?"

"ఉన్నాయమ్మా."

"నాకు సదువు రాదు. సదివి సెప్పు."

వరహాలమ్మ అక్కడున్న గుమాస్తాను అడిగి, నా ముందు కూర్చుని, మూడూ చదివింది. తేదీలూ వేళలూ కూడా వదల్లేదు. గొంతు తడబడినచోట ఆగి, ఆ వాక్యం మొదటినుంచి చదివింది. ఆ మనిషి కళ్లార్పకుండా విన్నది.

"మొదటిది లచ్చివారమా?" అంది.

"అవునమ్మా. గురువారమే, పదకొండు దాటాక."

ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"లచ్చివారం మాయమ్మ లేచి కూకుని గంజి తాగినాది" అంది.