రెండు గంటల భోజనం

పొద్దున్నుంచి అది ఏడోసారి. ఖాంగ్ రైల్వే ఇనపగేటుకి భుజం ఆనించి రోడ్డుకి అడ్డంగా తోశాడు. చక్రాలు కీచుమన్నాయి. అవతల స్కూటర్ల మీద జనం మొహాలు చిట్లించారు. పదహారేళ్లుగా అంతే, ఆలస్యమంతా అతనే ఇంట్లో తయారుచేసి తెచ్చినట్టు చూస్తారు.

హనోయ్ బండి వెళ్లిపోయింది. పక్కనే కొత్త గేటు, ఎర్రచారలతో, నిలబడి ఉంది. రేపటినుంచి దానంతటదే పడుతుంది, దానంతటదే లేస్తుంది. దానికి ఆకలి వేయదు. ఖాంగ్ ఈ సాయంత్రం బండికి విన్ ఊళ్లో అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

గోళ్లలో గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని లోవాన్ హోటలుకి నడిచాడు. హోటలంటే ఇంటి ముందుగదీ, ఐదు పొట్టి బల్లలూ. ఊరంతా పన్నెండింటికి తింటుంది. ఖాంగ్ కావాలనే రెండింటికి వస్తాడు, గిరాకీ తగ్గి ఇంటివాళ్లు తినే వేళకి. గోడవైపు బల్ల దగ్గర మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. అడగకుండానే లోవాన్ టమాటా టోఫూ, తూటికూర చారు, అన్నం పెట్టి వెళుతుంది.

తరవాత ఇంటివాళ్లు తమకి చాప పరిచి, మధ్యన పళ్లెం దించుతారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లని వరసగా 'తినండి' అని పిలవకుండా ఎవరూ ముద్ద ఎత్తరు. ఆ ఇంట్లో పిలిచేది కోడలు లోవాన్. అత్తనీ, మొగుణ్ణీ పిలిచి, చివర్న గోడవైపు తిరిగి ఖాంగ్‌నీ పిలుస్తుంది. పిలవడం మర్యాద. రాననడం ఇంకా మర్యాద. పాలుతాగే పిల్లాడికైనా తెలుసు. పదహారేళ్లూ ఖాంగ్ ఒకటే జవాబు చెప్పాడు: "నాది అవుతోందమ్మాయ్, మీరు కానివ్వండి." ఆపైన వాళ్ల తగువులు వింటూ తన అన్నం తినేవాడు.

ఇవాళ మాత్రం వెళ్లాలని తెల్లారి గేటు తోసినప్పుడే అనుకున్నాడు. ఒక్కసారి, ఎవరో పిలిస్తే వెళ్లి కూర్చున్న మనిషిలా తినాలని.

"రెండు గంటలు మార్కెట్టంతా తిరిగి తెచ్చింది ఈ ముళ్లేనా?" ముసలి న్యాన్ కొడుకుని నిలదీస్తోంది.

"ముళ్లకీ చేప ధరే తీసుకున్నారమ్మా," అన్నాడు క్వేత్.

"ఈయన చేపని కొనడు అత్తయ్యా. చేపే ఈయన్ని అమ్మేసి వస్తుంది." లోవాన్ నవ్వు ఆపుకుని పిలుపు మొదలుపెట్టింది. "అత్తయ్యా, అన్నం తినండి. ఏమండీ, తినండి. పెద్దాయనా, మీరూ రండి, తిందాం."

"వస్తున్నానమ్మాయ్."

గిన్నె పట్టుకుని లేచాడు. చాప మీద ముగ్గురూ కదల్లేదు. ముందు న్యాన్ జరిగింది. క్వేత్ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఉన్న ఒక్క మంచి ముక్క, చేప పొట్టది, లోవాన్ అతని గిన్నెలో వేసింది.

"ఎండలు బాగా ఉన్నాయి," అన్నాడు క్వేత్.

"ఉన్నాయి బాబూ."

ఇంక మాట లేదు. అన్నం తినే పుల్లలు గిన్నెలకి తగిలే చప్పుడు తప్ప. చుట్టం ముందు ఎవరు పోట్లాడతారు? పదహారేళ్లు గోడపక్కన కూర్చుని ఏది విన్నాడో, దాన్ని తనే వచ్చి చంపాడు. ఖాంగ్ గబగబా మింగాడు. ఊరు విడిచి వెళుతున్నానని చెబుదామని నోరు తెరిచి, "కడుపు నిండిందమ్మాయ్," అని లేచాడు.

రోడ్డెక్కాక వెనక న్యాన్ గొంతు మళ్లీ లేచింది. క్వేత్ నవ్వాడు. ఎందుకు నవ్వాడో వినపడలేదు. ఖాంగ్ ఆగలేదు.

మర్నాడు రెండింటికి లోవాన్ పళ్లెంలో నాలుగు గిన్నెలు సర్దింది.

"నిన్న మూగవాళ్లలా కూర్చున్నాం. ముద్ద దిగలేదు పాపం ఆయనకి. ఇవాళ తిట్టుకునేదేదో ఆయన ముందే తిట్టుకోండి."

"నేను గుండీలు పెట్టుకోను, సరేనా?" అన్నాడు క్వేత్.

అన్నం వడ్డించారు. ఖాంగ్ ఎంతసేపటికీ రాకపోతే క్వేత్ గేటు దాకా వెళ్లొచ్చాడు.

"ఆయన గదికి తాళం ఉంది. నిన్న సాయంత్రం బండికే ఊరు వదిలి వెళ్లిపోయాట్ట."

 న్యాన్ నాలుగో గిన్నె వైపు చూసింది. "ఆ గిన్నె తియ్యవే. రాని మనిషికి గిన్నె పెడితే పోయినవాళ్లకి పెట్టినట్టు. ఆయన బతికే ఉన్నాడు."

లోవాన్ దాని మీది పుల్లలు తీసేసింది. అత్తని పిలిచింది, మొగుణ్ణి పిలిచింది. గిన్నె మాత్రం పళ్లెం అంచునే, పక్కన అన్నం ఆవిరికి లోపలంతా చెమ్మపట్టి, ఖాళీగా ఉండిపోయింది.