అక్షింతలు కింద పడేలోపు

తిరుత్తణి రోడ్డు మీద కనకమ్మ సత్రం అనే ఊళ్లోని చిన్న మంటపంలో పోయిన నెల ఒక పెళ్లి జరిగింది. తాళి కట్టేటప్పుడు డోళ్లు జోరుగా వాయించే గెట్టిమేళం కంప్యూటర్‌లో బాగానే మోగింది, బాగానే అయిపోయింది. వెంటనే కంప్యూటర్ తనంతట తానే తరువాతి పాట అందుకుంది. అది ప్రియురాలిని పోగొట్టుకున్నవాడి ఏడుపు పాట. విద్యాలక్ష్మి పరుగెత్తి స్పీకర్ తీగ పీకేలోపు పల్లవి మొత్తం పెళ్లివారి చెవిన పడింది.

మంటపం ఆమెదే. మంచి ముహూర్తం రోజుల్లో మేళగాళ్లంతా తిరుత్తణి కొండ మీది పెళ్లిళ్లకు పోతారు, కింద చిన్న మంటపాలకు ఎవరూ దొరకరు. ఆ కొరత చూసే ఆమె రికార్డు మేళం మొదలుపెట్టింది. ఏడుపు పాట తరువాత రెండు కుటుంబాలు మంటపం చాలు, మేళం వద్దన్నాయి. ఇక మిగిలింది రత్నస్వామి ఒక్కడే. కూతురి పెళ్లికి మేళగాళ్లు దొరకక, అనుమానంగానే ఒప్పుకున్నాడు. గురువారం ఆ పెళ్లిలోనూ తప్పు జరిగితే ఈ రోడ్డు మీద తన మేళాన్ని మళ్లీ ఎవరూ అడగరని ఆమెకు తెలుసు. తెలిసినా బెంగ పెట్టుకోలేదు. సరుకు చెడింది, మారుస్తే సరి అనుకుంది.

తిరువళ్లూరు స్టేషన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే మురుగేశ్‌ను పిలిపించింది. ఆమె పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వేసింది అతనే. లినక్స్‌లో పాటల ప్లేయర్లకు కొదవ లేదంటూ ముందుగా రిథమ్‌బాక్స్ తెరిచాడు. గాయకుల వారీగా, ఆల్బమ్‌ల వారీగా అన్నీ సర్ది పెడుతుందని, వేల పాటలున్నా క్షణంలో వెతుక్కోవచ్చని పొగిడాడు.

ఆమె శ్రద్ధగా విన్నది. తన దగ్గర ఉన్నవి పదకొండు పాటలని చెప్పి, పదకొండు చీరలకు అన్ని అరలున్న బీరువా దేనికని అడిగింది.

తరువాత నల్ల తెర మీద అక్షరాలు టైపు చేసి పాడించేదొకటి చూపించాడు. బరువు లేనిది, పాత కంప్యూటర్‌కు హాయి అన్నాడు. ముహూర్తం తరుముకొస్తుంటే ఒక అక్షరం తప్పు కొడితే ఎవరు దిక్కని ఆమె దాన్నీ పక్కన పెట్టింది.

మూడోది ఆడేషియస్. చిన్న కిటికీ, అందులో పాటల వరస, అంతే.

"చూసేదానికి ఏమీ లేదక్కా," అన్నాడు మురుగేశ్, చూపించడానికి తనకే మనసొప్పనట్టు.

"చూసేదానికి పెండ్లికూతురు ఉండాది గదా. పాట ముగిస్తే ఇది నిలస్తాదా, లేదా? అది చెప్పు."

నిలుస్తుందట. ఈ పాట తరువాత ఆగిపొమ్మని ముందే చెప్పిపెట్టడానికి రెండు మీటలు కలిపి నొక్కితే చాలునట.

ఆమె వంటింట్లోకి పోయి పిడికెడు పసుపు బియ్యం తెచ్చింది. "నేను గెట్టిమేళం అని ఇవి పైకి యేస్తా. కింద పడేలోపల మోగల్ల. లేదంటే ఇంగోటి చూపించు."

మొదటిసారి బియ్యమే ముందు పడింది. తప్పు ప్లేయర్‌ది కాదు, మురుగేశ్ ఆమె చేతినే చూస్తూ ఉండిపోయాడు. రెండోసారి గింజలు గాలిలో ఉండగానే డోలు దద్దరిల్లింది. మేళం ముగిశాక ఇద్దరూ కదలకుండా విన్నారు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఒకసారి సరిగ్గా వచ్చిందని నమ్మే మనిషి కాదామె. గది నిండా బియ్యం పరుచుకున్నాక గాని అతన్ని వదల్లేదు.

గురువారం కంప్యూటర్ ముందు ఆమే కూర్చుంది. పురోహితుడు చేయి ఎత్తి గెట్టిమేళం అన్నాడు, అక్షింతలు లేచాయి, డోలు మోగింది. రత్నస్వామి ముఖం తేటపడింది.

కాని పెళ్లికొడుకు చేతికి చెమట పట్టి ముడి జారింది. మొదటి ముడి పడేసరికే మేళం సగానికి పైగా అయిపోయింది. ఇంకా రెండు ముళ్లున్నాయి. నడుమ మేళం ఆగి, మూగ మంటపంలో తాళి కడితే, పోయిన నెల ఏడుపు పాటే నయమని ఊరంతా అంటుంది.

ఆమె చూపు పెళ్లికూతురి మెడ మీద నుంచి కదల్లేదు. వేలు మాత్రం ఎడమ బాణం మీట మీదికి పోయింది. నొక్కినప్పుడల్లా మేళం కొన్ని క్షణాలు వెనక్కి జరిగింది. పాటైతే ఎక్కడ తెగిందో పసిపిల్లలు కూడా పట్టేస్తారు. గెట్టిమేళాన్ని ఎక్కడ కోసి ఎక్కడ అతికించినా దరువు దరువే. అక్కడి ఆనవాయితీ ప్రకారం పెళ్లికొడుకు అక్క మూడో ముడి బిగించేదాకా ఆమె దాన్ని వెనక్కి లాగుతూనే ఉంది. తరువాత చేయి తీసేసింది. మేళం తన చివరిదాకా పోయి నిలిచిపోయింది. ఆపైన మంత్రం ఒక్కటే వినబడింది.

భోజనాల వేళ పళ్ళిపట్టు నుంచి వచ్చిన తంగమ్మ అనే ఆవిడ విద్యాలక్ష్మిని వెతుక్కుంటూ వచ్చింది. సంక్రాంతితో మొదలయ్యే తై మాసంలో తన కొడుకు పెళ్లి ఉందని, మంటపం దొరుకుతుందా అని అడిగింది. దొరుకుతుందని తెలిశాక అసలు మాటకు వచ్చింది.

"మేళం గూడా మీరే యేస్తారా, మేము యాడన్నా చూసుకోవాల్నా?"

విద్యాలక్ష్మి తాంబూలం పళ్లెం ముందుకు జరిపింది. "నేనే యేస్తానమ్మా. మీవాడికి మటుకు ముడి యేసేది ముందే నేర్పించి తీసుకరా."