నాగరత్నమ్మ కళ్లలో చెయ్యి

కొర్లగుంటలో వరదమ్మ వరస ఇళ్లన్నిటికీ ఒకటే కొళాయి. అది ఎప్పుడొస్తుందో మున్సిపాలిటీకే తెలియదు. ఆడవాళ్లు తెల్లవారగానే బిందెలు వరసలో పెట్టి నాగరత్నమ్మ కోసం చూసేవాళ్లు. ఆమె వాకిట్లో ముగ్గు వేసి తలెత్తగానే ఎదురింటి ఆనందమ్మ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పేది.

"ఏమ్మే, నీళ్లు వస్తాయా రావా? కదలకుండా నిలబడు!"

నాగరత్నమ్మ నల్లగుడ్డులో కందిగింజంత కొళాయి కనపడేది. దాని కింద ధార ఉంటే ఆనందమ్మ బిందె దగ్గరికి పరిగెత్తేది. లేకపోతే మున్సిపాలిటీని తిట్టుకుంటూ పోయి పొయ్యి ముట్టించేది.

నాగరత్నమ్మ దేనికోసం ఎదురుచూస్తే, అది రాకముందే ఆమె కళ్లలో బొమ్మగా పడుతుంది. వాళ్లమ్మకూ అంతే, అవ్వకూ అంతే. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లకు ఒత్తయిన జుట్టు వస్తుంది, కొన్ని ఇళ్లలో ఉబ్బసం వస్తుంది. వీళ్లకు ఇది వచ్చింది. పిల్ల కంట్లో మొదటి బొమ్మ పడిన రోజు వాళ్లింట్లో వీధికంతా బెల్లం పంచుతారు. నాగరత్నమ్మకు మొదట పడింది వాళ్ల నాయన సైకిలు.

పొద్దు వాలితే ఆ కళ్లలో కొళాయి ఉండేది కాదు. ఎత్తిన చెయ్యి ఉండేది. అది ఆమె మొగుడు వెంకటముని చెయ్యి. అతను లారీ ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఓనరు ముందు కట్టుకున్న చేతులు ఇంటికొచ్చి విప్పుకునేవాడు. కొళాయి గురించి గంటసేపు మాట్లాడుకునే ఆడవాళ్లకు, చెయ్యి కనపడగానే పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. పాలు లేని ఇళ్లవాళ్లు కూడా లేచిపోయి తలుపులు వేసుకునేవాళ్లు.

"దాని తలరాత నుదుట గాదు, కంట్లో రాసిపెట్టినాడు దేవుడు" అనేది ఇంటి యజమానురాలు వరదమ్మ, తాళంచెవులు సర్దుకుంటూ.

నాగరత్నమ్మ ఒకసారి గూడూరులో ఉన్న పుట్టింటికి పోవాలనుకుంది. ఇంకా మూట కూడా కట్టలేదు. అన్నం వడ్డిస్తుంటే వెంకటముని ఆమె కళ్లలోకి చూశాడు. వాటిలో రైలు ఉంది. "యాడికే ప్రయాణం?" అని అడిగి, ఆమె చెప్పేలోపే చిటికెనవేలు విరిచాడు. ఆ వేలు మళ్లీ నేరుగా అతుక్కోలేదు. సంగతి విని గూడూరు నుంచి అమ్మ కబురు పంపింది, మొగుడి ముందర కళ్లు దించుకుని ఉండమని.

మేడ మీది గదిలో పంకజాక్షి అద్దెకుండేది. కాలేజీలో పిల్లుల మెదడు మీద పరిశోధన చేసేది. ఒంటికి స్పిరిటు వాసన వస్తుందని వరదమ్మ ఆమెను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. అద్దె మాత్రం ఆ చేతుల నుంచే పుచ్చుకునేది.

ఒక సాయంత్రం వెంకటముని మల్లెపూలు తెచ్చాడు. ఆవేళ ఓనరు అతన్ని నలుగురి ముందు మెచ్చుకున్నాడు. ఈల వేసుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. అడుగుల చప్పుడు వినగానే నాగరత్నమ్మ కళ్లలో చెయ్యి లేచింది. ఆమె మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది. చేతిలోని చెంబు జారి గచ్చు మీద మోగింది.

వెంకటముని పూలపొట్లంతో అలాగే నిలబడిపోయాడు.

"నేనేం జేసినానే ఇప్పుడు? పూలు తెచ్చిన మొగుణ్ణి చూసి పులిని చూసినట్టు దడుసుకుంటావా? నన్ను నలుగురిలో రాక్షసుణ్ణి జేస్తావా?"

రాక్షసుణ్ణి కాదని నిరూపించడానికి కొట్టాడు.

"చూస్తిరా, కంట్లో ఉండేది తప్పలేదు" అంది వరదమ్మ.

మర్నాడు అతను ఆఫీసుకు పోయాక పంకజాక్షి దూదీ మందూ తీసుకుని కిందికి వచ్చింది.

"నిన్న అతను కొట్టడానికి రాలేదు నాగరత్నా. నీ కంట్లో ఉన్నది జరగబోయేది కాదు."

"మరేంది?"

"నువ్వు నేర్చుకున్నది. పాకాల జంక్షన్ చూసినావు గదా? కంటి నుంచి బయల్దేరిన రైలు మెదడులో ఒక స్టేషన్ నుంచి ఇంకా లోపలి స్టేషన్‌కు, ఇట్లా పోతూనే ఉంటుందని అందరూ చెప్తారు. నేను పిల్లి మెదడులో మొదటి స్టేషన్ దగ్గర రంగు పెట్టినాను. తీగ కొసన పెట్టిన రంగు ఆ తీగ పుట్టిన కణం దాకా వెనక్కి పాకుతుంది. అది లోపలి స్టేషన్లలో ఉండే కణాల్లో తేలింది, గోధుమరంగు చుక్కలుగా. అంటే ఆ లోపలి కణాలు మొదటి స్టేషన్ దాకా తీగలు వేసుకోనుండాయి. పోయే రైళ్లే కాదు, తిరిగొచ్చే రైళ్లూ ఉండాయి. లోపల గట్టిపడిన అలవాటు ఎదురొచ్చి, కన్ను చూసేదాని మీద కూర్చుంటుంది."

"ఈ మాట మీ పెద్దసారుకు చెప్పినావా?"

"చెప్పినాను. కన్ను చూస్తుంది, మెదడు తెలుసుకుంటుంది, మళ్లా వెనక్కి దారెందుకమ్మా అన్నాడు. పైనుండేవాళ్లకు తాము కిందికి ఏం పంపిస్తాండారో ఎప్పుడూ తెలీదులే."

నాగరత్నమ్మ నవ్వబోయింది. పెదవి చిట్లిన చోట మంట పుట్టి ఆగింది.

"అయితే తప్పు నా కంటిదా అక్కా?"

"కాదు. ఆ పాఠం చెప్పిన చేతిది."

నాగరత్నమ్మకు ఒక కూతురుంది, మునిలక్ష్మి, ఒకటో తరగతి. చలికాలం పోతూండగా ఒక పొద్దున కొళాయి దగ్గర ఆడుకుంటున్న పిల్లను ఆనందమ్మ ఒడిసిపట్టుకుంది.

"ఏమ్మే నాగరత్నా, రాయే! నీ కూతురి కంట్లో బొమ్మ పడింది! ఇంగ నువ్వు పుట్టింటికి పోయినా మాకు నీళ్లకు కరువు లేదు. బెల్లం యాడ?"

ఆడవాళ్లంతా మూగారు. ఆనందమ్మ పిల్ల ముఖాన్ని ఎండ వైపు తిప్పింది. ఒక్కొక్కరే వంగి చూశారు. ఒక్కొక్కరికీ పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. కడకు కొళాయి దగ్గర తల్లీ కూతురూ మిగిలారు.

ఆ చిన్న నల్లగుడ్డులో ఉన్నది సైకిలు కాదు.

నాగరత్నమ్మ ఆ రోజు బెల్లం పంచలేదు. పిల్లను బడికి పంపి, మేడమెట్లెక్కి పంకజాక్షి గది గడపలో కూర్చుంది.

"ఇది పోతాదా అక్కా?"

పంకజాక్షి పుస్తకం మూసి ఆమె పక్కన కూర్చుంది. "పిల్లికూనల్లో తీగలు మెత్తగా, వదులుగా ఉంటాయి. వాడినవి గట్టిపడతాయి. వాడనివి ఎండిపోతాయి. ఇప్పుడే ఆ చెయ్యి దానికి కనపడకుండా చేస్తే ఎండిపోవచ్చు."

"పెద్ద పిల్లికి?"

పంకజాక్షి కిటికీలోంచి బయటికి చూసింది.

"సరే, నా సంగతి వదిలెయ్యి" అంది నాగరత్నమ్మ. "దాన్ని ఈణ్ణించి పంపించాల. నేను తీసుకపోలేను. రైలెక్కాలనుకుంటే రైలు కనపడతాది. ఆయన అన్నానికి కూర్చున్నాడంటే ముందు నా కళ్లే చూస్తాడు. నువ్వు తీసుకపో. ఎప్పుడో నాకు చెప్పొద్దు. యాడికో చెప్పొద్దు. తీసుకపోతానని గూడా చెప్పొద్దు."

"నువ్వు తట్టుకుంటావా?"

"నేను తట్టుకునేది కొత్తగా నేర్చుకోవాల్నా?"

తర్వాత నాగరత్నమ్మ ఆ మాటను మరిచిపోవడం మొదలుపెట్టింది. మేడమెట్లెక్కడం మానేసింది. పంకజాక్షి ఎదురుపడితే చేట తీసుకుని లోపలికి పోయేది.

మామిడి పూత రాలే రోజుల్లో ఒకనాడు మునిలక్ష్మి బడి నుంచి ఇంటికి రాలేదు. సూళ్లూరుపేటలో పంకజాక్షి స్నేహితురాలు ఒకామె అనాథపిల్లల హాస్టల్ చూసుకునేది. ఆ పొద్దుకు పిల్ల ఆమె దగ్గరికి చేరిపోయింది. ఆ సంగతి నాగరత్నమ్మకు తెలియదు. గుండె బాదుకుంటూ వీధులన్నీ తిరిగింది. ఆ ఏడుపులో నటన లేదు.

వెంకటముని వచ్చి ఆమెను గోడకు అదిమి, గడ్డం పైకెత్తి కళ్లలోకి చూశాడు.

"యాడికి పంపినావే దాన్ని? సెప్పు!"

రైలు లేదు. ఊరు లేదు. పిల్ల లేదు. రెండు కళ్లలోనూ అతని చెయ్యే ఉంది. అతను ఎంతసేపు చూసినా తన చెయ్యే చూసుకున్నాడు. కొడితే ఇంకేమైనా కనపడుతుందేమోనని కొట్టాడు. చెయ్యి ఇంకా పెద్దగా కనపడింది.

పోలీసు స్టేషన్‌లో రైటరు కూడా ఆమెను కిటికీ దగ్గరికి పిలిచి చూశాడు. "దీంట్లో పిల్ల లేదప్పా. ఎవరిదో చెయ్యి ఉండాది" అన్నాడు. తల్లికి ఏమీ తెలియదు అని రాసుకున్నాడు. చెయ్యి సంగతి రాయలేదు. అది స్టేషన్‌కు సంబంధించిన విషయం కాదు.

పంకజాక్షిని ఎవరూ అడగలేదు. ఆమె కళ్లలో బొమ్మలు పడవు. పైగా చదువుకున్న ఆడదాని కళ్లలోకి అంతసేపు చూడాలంటే వెంకటమునికి ధైర్యం చాలలేదు.

పిల్ల ఎవరితో పోయిందో కొన్నాళ్లకు నాగరత్నమ్మకు మెల్లగా అర్థమైంది. అర్థమైనాక అసలు కష్టం మొదలైంది. కూతురు తిరిగొస్తుందని అనుకోకూడదు. అనుకుంటే కళ్లలో పడుతుంది. బడి వదిలే వేళకు ఆమె రోట్లో ఎండుమిరపకాయలు వేసుకుని దంచేది. కళ్లు నీళ్లు కారుస్తుంటే బొమ్మ నిలవదు. ఆ వీధిలో అందరి ఇళ్లకూ కారం ఆమే కొట్టిపెట్టేది. "ఊరికే కొట్టిపెడతాది, మంచిమనిషి" అని మెచ్చుకునేవాళ్లు.

మళ్లీ మామిడికాయలు సంతకొచ్చాయి. ఇంకోసారి కూడా వచ్చాయి. వెంకటముని లారీతో మద్రాసు పోయిన ఒక మధ్యాహ్నం నాగరత్నమ్మ మేడమెట్లెక్కింది. గది దాకా పోలేదు. సగంలో కూర్చుంది. పంకజాక్షి వచ్చి పై మెట్టు మీద కూర్చుంది.

"యాడని అడగను" అంది నాగరత్నమ్మ, గోడ వైపు చూస్తూ. "చెయ్యి ఉండాదా?"

"లేదు."

"బాగా చూసినావా? వెలుతురులో పెట్టి?"

"వెలుతురులోనే చూసినాను. టిఫిను గంట కోసం కాచుకోనుండింది. కంట్లో ఉప్మా గిన్నె కనపడింది."

"ఇంకా?"

"అంతే."

"నేను?"

"నాగరత్నా, చిన్నపిల్లల్లో..."

"తెలుసులే. వాడనివి ఎండిపోతాయి. నువ్వే చెప్పినావు గదా."

కింద ఎవరిదో బిందె తగిలి చప్పుడైంది.

"ఉప్మాలో ఏమేసినారు?"

"ఎర్రగడ్డలు."

"అది ఎర్రగడ్డలు ఏరి పారేస్తాది."

"ఇప్పుడు తింటాండాది" అంది పంకజాక్షి.