కట్టకి ఎన్ని?

ఆ పిల్ల జవాబు పత్రం మీద సున్నా వేసింది నేనే. ఎర్ర సిరాతో, పేజీకి అడ్డంగా, ఇంత లావున వేశాను. తప్పెవరిదని తర్వాత వెతుక్కోనక్కర లేకుండా ముందే చెప్పేస్తున్నాను.

ఇరవై రెండేళ్ళుగా రెండో తరగతికి లెక్కలు చెబుతున్నాను. వంద దాకా గడగడా అప్పజెప్పగానే మా వాడికి లెక్కలు వచ్చేశాయని మురిసిపోయే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. ముప్పై నాలుగులో ఆ మూడేమిట్రా అని అడగండి, "మూడే" అంటాడు. అది మూడు కాదు, మూడు పదులు అని తెలియాలంటే చేతులతో కట్టాలి, చేతులతో విప్పాలి. అందుకే నా గదిలో బీరువా నిండా పుల్లలూ రబ్బరు బ్యాండ్లూ ఉంటాయి. పిల్లలే పదేసి లెక్కపెట్టి కట్టుకుంటారు. గది చెత్తబుట్టలా ఉందని ఆయా తిట్టుకుంటుంది, తిట్టుకోనీ.

కానీ ఈ ఏడు మా హెడ్‌మిస్ట్రెస్ సిలబస్, సిలబస్ అని పీకల మీద కూర్చున్నారు. ఆవిడను మేమంతా పెద్దమేడం అంటాం. పక్క సెక్షన్ తీసివేతల్లోకి వెళ్ళిపోయిందట, నేనింకా పుల్లలతో ఆడిస్తున్నానట. విసిగిపోయి చివరి వారాల్లో కట్టలు నేనే ఇంట్లో కట్టుకుని తెచ్చాను. "ఇదిగో కట్ట, ఇవిగో విడివి" అని చూపించి పాఠం లాగించేశాను.

సరిగ్గా అప్పుడు చేరింది ఆ పిల్ల, అర్ధ సంవత్సర పరీక్షలకు మూడు వారాల ముందు. ఏడేళ్ళుంటాయి. తల్లి ఇంట్లో కూర్చుని అట్టలకు గుండీలు కుట్టే పని చేస్తుంది. గౌనుకు ఎప్పుడూ దారప్పోగులు అంటుకుని ఉండేవి. అందుకని రెండో రోజుకే తరగతిలో పేరు గుండీ అయిపోయింది. పిలిస్తే పలికేది, ఏడ్చేది కాదు.

పరీక్షలో పుల్లల బొమ్మలు వేసి, "కట్టలు కట్టి, కట్టలెన్నో విడివెన్నో గడుల్లో రాయండి" అని ఇచ్చాం. ఇరవై తొమ్మిది పుల్లలకు గుండీ 25 అని రాసింది. ముప్పై ఎనిమిదికి 32. యాభైకి 42. ముప్పై నాలుగు దగ్గర మొదటి గడిలో 2 వేసి, రెండో గడిలో 10 ఇరికించింది. సున్నా గడి దాటి బయటికి పొడుచుకొచ్చింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కళ్ళు నెత్తికెక్కాయా, చూసి లెక్కపెట్టలేదా అనుకుంటూ సున్నా చుట్టేశాను.

మా బడిలో లెక్కల్లో ఇరవై అయిదుకు ఎనిమిది రాకపోతే పిల్లను కింది తరగతికి దింపుతారు. అలా దింపేవాళ్ళ పట్టికలో ఈ ఏడు ఒకే ఒక్క పేరు, గుండీది. సోమవారం దాన్ని బోర్డు మీద అంటిస్తారు, ఇక అయిదేళ్ళ పిల్లల బల్ల మీద గుండీ మోకాళ్ళు మడుచుకుని కూర్చోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం తల్లిని పిలిపించాం. నేను పాఠం ముగించి వచ్చేసరికి వరండా బెంచీ మీద కూర్చుని కుడుతూనే ఉంది. పిల్ల పక్కన నిలబడి సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఏమనుకోకండి టీచర్ గారూ, చెయ్యి ఆగితే రోజుకి సరిపడా అవ్వదు" అంది తల్లి.

పిల్లను ఇంట్లో చదివించకపోతే ఇలాగే ఉంటుందని దులిపేద్దామని నోరు తెరిచాను. అప్పుడు ఆమె ఒడిలో అట్ట కనబడింది. మూడేసి గుండీలు, నాలుగు వరసలు.

"దీనికి ఎన్ని కుడతారు?" అన్నాను.

"అట్టకి పన్నెండండి. తక్కువైతే ఒప్పుకోరు. కుట్టడం నాది, లెక్క చూడ్డం దీనిది. ఇంతవరకూ ఒక్క అట్ట కూడా వెనక్కి రాలేదు."

గదిలోకి పరిగెత్తి బీరువాలోంచి ఆ పత్రం తీశాను. ఇరవై తొమ్మిదంటే రెండు పన్నెండులూ అయిదు. ముప్పై ఎనిమిదంటే మూడు పన్నెండులూ రెండు. యాభై అంటే నాలుగు పన్నెండులూ రెండు. ముప్పై నాలుగంటే రెండు పన్నెండులు పోగా పది మిగులుతాయి. పదితో అట్ట నిండదు, మరి ఆ పదినీ విడివి గడిలో ఇరికించక ఏం చేస్తుంది? ఎక్కడా ఒక్క పుల్ల పోలేదు. కట్టకి ఎన్ని అని నేను చెప్పలేదు, ప్రశ్నలోనూ లేదు, అందుకని తనకు తెలిసిన కట్ట కట్టుకుంది. నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు పెట్టుకుని, ఏడేళ్ళ పిల్ల చేతిలో ఉన్న లెక్క చూడలేకపోయానని నిజంగా సిగ్గేసింది.

ఇద్దరినీ వెంటబెట్టుకుని పెద్దమేడం గదికి వెళ్ళాను. చెప్పాల్సిందంతా చెప్పాను. ఆవిడ పట్టిక నా ముందుకు తోశారు.

"మీ సంతకం ఒక్కటే తక్కువ. పన్నెండులూ పదమూడులూ నాకెందుకు టీచర్? పదులు రాని పిల్ల కిందికి వెళ్ళాల్సిందే."

"రావని ఎవరన్నారు? అడగండి" అన్నాను.

ఆవిడ విసుగ్గా జెమ్ క్లిప్పుల డబ్బా బల్ల మీద బోర్లించారు. "ఎన్నున్నాయో చెప్పు."

గుండీ క్లిప్పులను ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, "కట్టకి ఎన్ని పెట్టాలి?" అంది.

"ఎన్నేమిటి? పదే కదా. ఎవరైనా పదే పెడతారు."

"మా ఇంట్లో పన్నెండు పెడతాం" అంది పిల్ల. "ముందు చెప్తే పదే పెడతాను."

పదేసి కుప్పలు వేసింది. నాలుగు కుప్పలూ మూడు. "నలభై మూడు" అంది. పెద్దమేడం తల ఊపబోతుంటే, ఎవరూ అడక్కుండానే కుప్పలన్నీ కలిపేసి మళ్ళీ పన్నెండేసి పేర్చింది. మూడు కుప్పలూ ఏడు. "మా అట్టల్లో అయితే మూడు, ఏడు. ముప్పై ఏడు."

"చూశారా! ఇప్పుడే నలభై మూడంది, అంతలోనే ముప్పై ఏడట" అన్నారు పెద్దమేడం.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇక నేను ఒంటికాలి మీద లేచాను. "రెండూ ఒప్పే మేడం! మీ తరగతుల్లో వంద దాకా చిలకల్లా అప్పజెప్పే పిల్లల్ని పిలవండి, ఒక్కరు ఈ పని చేస్తే నేనే వెళ్ళి ఒకటో తరగతిలో కూర్చుంటాను."

"గొంతు తగ్గించండి. మార్కులు రిజిస్టర్‌కి ఎక్కాయి. మార్చడానికి వీల్లేదు."

"ఎక్కించింది నేను. దించేదీ నేనే."

రిజిస్టర్ లాక్కుని ఆ సున్నా కొట్టేశాను. పక్కన ఇరవై అయిదుకు ఇరవై అయిదు వేశాను. "ప్రశ్నలో కట్టకి ఎన్నో చెప్పలేదు. తప్పు పత్రం దిద్దినవారిది" అని రాసి, కింద సంతకం పెట్టాను. పట్టిక మీద మాత్రం పెట్టలేదు.

"మీ మీద పైకి రాయాల్సి వస్తుంది" అన్నారు ఆవిడ.

"రాయండి. ఎందుకో కూడా రాయండి. చదివినవాళ్ళకి కాస్త లెక్కలైనా వస్తాయి."

వారం తిరక్కుండా మెమో వచ్చింది. దానికి నేను ఇచ్చిన జవాబు నాలుగు పేజీలు. అందులో క్షమాపణ అన్న మాట లేదు. గుండీ మాత్రం సోమవారం నా గదిలోనే, తన బల్ల మీదే కూర్చుంది.

నేను క్షమాపణ చెప్పాల్సి వచ్చింది ఆ శుక్రవారమే, వరండాలో. తల్లి కళ్ళు తుడుచుకుంటూ పిల్లను నా ముందుకు నెట్టింది. "టీచర్ గారికి థాంక్స్ చెప్పవే. నీకోసం ఎంత పోట్లాడారో చూశావుగా."

గుండీ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకూ? సున్నా వేసింది ఈవిడే కదా."

తల్లి దాని నోరు నొక్కబోయింది. నేనామె చెయ్యి పట్టుకుని ఆపాను.

"అవునమ్మా, నేనే వేశాను. నిన్ను అడక్కుండా వేసేశాను. తప్పు నాదే" అన్నాను.

పిల్ల గౌనుకు అంటుకున్న దారప్పోగు తీసి పారేసింది.

"ఈసారి అడిగి వెయ్యండి" అంది.