కుడికాలి సాక్సు

నర్సు నాలుగోసారి సూది బయటికి తీసి దూది అద్దింది. చుక్క రక్తం రాలేదు. వడ్రంగి కుడిచేతి నరాలు ఎప్పుడో గట్టిపడిపోయాయి. ఎడమచెయ్యి రెండు రోజులుగా దిండులా ఉబ్బి ఉంది. పాత మత్తు సూదులకు పాడైన నరంలో రక్తం గడ్డ కట్టి ఉంటుందనీ, రక్తం పరీక్ష చేయందే మందు మొదలుపెట్టననీ డాక్టరు తేల్చేశాడు.

పక్కనే అక్క కూర్చుంది. ఇలాంటి అక్క ఉన్నవాడు చెడిపోవడమే వింత గానీ, చెడిపోయాక బాగుపడటం వింతేమీ కాదు. మత్తు మానేస్తానని అతను ఒట్టేసిన నాటి నుంచి ప్రతి ఆదివారం కిటికీ పక్కన కూర్చోబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, బియ్యంలో రాళ్లేరినంత ఓపికగా రెండు చేతుల మీదా సూది మచ్చలు వెతికేది. ఆ నమ్మకంతోనే ఇంటి తాళంచెవి ఇచ్చింది. పనిలో పెట్టించింది.

"మూడేళ్లయిందమ్మా మానేసి. ఆదివారం ఆదివారం నేనే చూస్తాను, కొత్త మచ్చ ఒక్కటి లేదు," అని ఆమె నర్సుకి గొప్పగా చెప్పింది. వడ్రంగి తల దించుకున్నాడు.

మూడేళ్లు కాదు. మొదటి ఎనిమిది నెలలూ అతను పాదానికి పొడుచుకున్నాడు. అక్క చేతులు చూస్తుందే గానీ సాక్సు విప్పమనదని కనిపెట్టిన తెలివి అతనిది. ఆ తెలివి తగలబడ! తర్వాత నిజంగానే మానాడు. పాదం మీది నరం మెల్లగా తేరుకుంది. ఒంట్లో మిగిలిన మంచి నరం ఇప్పుడదొక్కటే. దాన్ని చూపిస్తే ఆ ఆదివారాలన్నీ అబద్ధమని అక్కకి తెలిసిపోతుంది.

మెడ దగ్గరి నరంలోంచి రక్తం తీయాలంటే పెద్ద డాక్టరు రావాలనీ, సాయంత్రమవుతుందనీ నర్సు అంది. అక్క ముఖం పాలిపోయింది. గడ్డ కదిలితే ప్రాణానికే ముప్పని పొద్దున విన్న మాట ఆమెను వదల్లేదు.

"వాడి బదులు నా చెయ్యి పొడిస్తే కుదరదా అమ్మా?"

నర్సుకి నవ్వొచ్చింది. వడ్రంగి ఇక ఆగలేకపోయాడు. వంగి కుడికాలి బూటు తీసి, సాక్సు లాగేశాడు.

"ఇక్కడ తియ్యండి. దొరుకుతుంది."

పాదం మీద పచ్చగా తేలిన నరం పొడుగునా తెల్లటి చుక్కల మచ్చలు. నర్సు డాక్టర్ని అడిగి వచ్చి సూది పెట్టింది. రక్తం మొదటిసారికే గొట్టంలోకి దిగింది.

అక్క కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఇవెప్పటివిరా?"

"మొదటి ఎనిమిది నెలలవి అక్కా. నువ్వు చేతులు చూస్తుండగానే. ఆ తర్వాత లేదు."

ఒట్టు వేయబోయి ఆగిపోయాడు. ఆమె తిడితే బాగుండునని అనిపించింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నర్సు ప్లాస్టరు అంటించి వెళ్లాక, మోకాళ్ల నొప్పులతో మెట్లు కూడా ఎక్కని ఆ మనిషి నేలమీద కూలబడి, అతని ఎడమకాలి బూటు లేసు విప్పడం మొదలుపెట్టింది.